జాన్ పోస్టెల్

పూర్వము మన గ్రామములలో కరణము భూముల పద్దు వ్రాయుచుండెను. ప్రతి పొలమునకును ఒక సర్వే నంబరు ఉండెడిది. ఇద్దరి పొలములకు ఒకే నంబరు పడినచో శిస్తు లెక్క తారుమారగును. రైతుల నడుమ తగవు పుట్టును. కావున పద్దు వ్రాయువాడు జాగరూకుడును, పక్షపాతము లేనివాడును కావలెను. అట్టి పద్దును ఒక గ్రామమునకు గాక, ప్రపంచములోని కంప్యూటర్ల కొరకు వ్రాయవలసివచ్చినచో ఆ భారమెంతటిదో ఊహింపవచ్చును. 25 సంవత్సరములకు పైగా ఆ భారమును మోసినవాడు జాన్ పోస్టెల్.

జోనథన్ బ్రూస్ పోస్టెల్ 1943వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అమెరికా దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆల్టడీనా అను ఊర జన్మించెను. వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో ఆయన చదివెను. తరువాతి కాలమున ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరొందిన వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్ అనువారును ఆ పాఠశాలలో చదివినవారే. పిమ్మట పోస్టెల్ లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి, 1966లో ఇంజనీరింగు పట్టమును, 1968లో ఎం.ఎస్. పట్టమును, 1974లో కంప్యూటర్ శాస్త్రమున డాక్టరేటును పొందెను.

ఆ దినములలో కంప్యూటర్లు గదులను ఆక్రమించునంత పెద్దవి. ఒక చోటనున్న యంత్రము మరియొక చోటనున్న యంత్రముతో సంభాషించుట అరుదు. వానిని కలుపుటకై అమెరికా రక్షణ శాఖ ధనసహాయముతో ఆర్పానెట్ అను నెట్‌వర్కు 1969లో ఆరంభమయ్యెను. దాని మొదటి కేంద్రము పోస్టెల్ చదువుచున్న విశ్వవిద్యాలయమే. అచ్చట లెనార్డ్ క్లైన్‌రాక్ అను ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసిన విద్యార్థులలో పోస్టెల్ ఒకడు. ఆ సంవత్సరాంతమునకు ఆర్పానెట్‌లో నాలుగు కేంద్రములు మాత్రమే యుండెను.

కంప్యూటర్లు ఏ నియమముల ననుసరించి సంభాషింపవలెనో అప్పటికింకను నిశ్చయము కాలేదు. విద్యార్థులే కూడి ఆలోచించి, తమ భావములను చిన్న పత్రములుగా వ్రాసి, ఇతరుల అభిప్రాయములను కోరుచు పంచిపెట్టిరి. 1969 ఏప్రిల్ నెలలో స్టీవ్ క్రాకర్ అట్టి మొదటి పత్రమును వ్రాసెను. వీనికి ఆర్.ఎఫ్.సి. పత్రములని పేరు. వీనికి సంపాదకత్వము వహించినవాడు పోస్టెల్. వచ్చిన పత్రమును శ్రద్ధతో చదివి, లోపములను దిద్ది, వరుస సంఖ్య వేసి, అందరికిని అందజేయుట ఆయన పని. మరణించువరకు ఆయన దానిని విడువలేదు.

ఈ పనితోపాటు మరియొక పనియు ఆయన చేతికి వచ్చెను. నెట్‌వర్కులో జరుగు ఒక్కొక్క కార్యమునకు ఒక్కొక్క సంఖ్య కావలసియుండెను. ఎవరికి తోచిన సంఖ్యను వారు వాడుకొన్నచో అంతయు గందరగోళమగును. ఏ సంఖ్య దేనికి చెల్లినదో పోస్టెల్ ఒక పుస్తకమున వ్రాసియుంచసాగెను. సంఖ్యలను పంచు బాధ్యత ఒక్కరి చేతనుండవలెననియు, ఆ పనికి తాను సిద్ధముగా నున్నాననియు 1972 మే నెలలో ఆయన ఒక పత్రమున సూచించెను. తోడివారు ఆ పనిని ఆయనకే విడిచిపెట్టిరి.

1977లో పోస్టెల్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచార శాస్త్ర పరిశోధనాలయమున చేరి, జీవితాంతము అచ్చటనే పనిచేసెను. ఆయన సంఖ్యల పద్దునకే కాలక్రమమున ‘ఐయానా’ అను పేరు వచ్చెను. పేరు వినుటకు పెద్ద కార్యాలయమువలె నుండును గాని, ఆ పనిని నడపినవారు పోస్టెల్, ఆయన సహచరి జాయిస్ రెనాల్డ్స్, మరికొందరు మాత్రమే.

1981 సెప్టెంబరులో పోస్టెల్ సంపాదకత్వమున ఇంటర్నెట్ ప్రోటోకాల్ అను నియమావళి వెలువడెను. దానినే క్లుప్తముగా ఐ.పి. అందురు. 1983 జనవరి 1వ తేదీన ఆర్పానెట్ అంతయు ఈ పద్ధతికి మారెను. దీని ప్రకారము నెట్‌వర్కులో చేరు ప్రతి కంప్యూటర్‌కును ఒక చిరునామా యుండవలెను. ఆ చిరునామా చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యల కూర్పు, 203.0.113.25 అనునది అట్టి కూర్పునకు ఉదాహరణము. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. ఇట్లు ఏర్పడగల చిరునామాలు మొత్తము 4,29,49,67,296. లోకమంతట చెల్లునట్టి చిరునామాను పబ్లిక్ చిరునామా యందురు. ఒక పబ్లిక్ చిరునామా ఒకే కాలమున రెండు చోట్ల ఉండరాదు. ఉన్నచో సందేశము ఎచ్చటికి పోవలెనో తెలియదు. పోస్టెల్ పద్దు యొక్క ప్రయోజనమిదియే.

ఆరంభమున నెట్‌వర్కులు కొలదిగానుండెను. పెద్ద సంస్థ ఏదైన అడిగినచో ఒకేసారి 1,67,77,216 చిరునామాల భాగమును ఇచ్చుటయు కలదు. అప్పుడది అతియని తోచలేదు. కాని 1990 తరువాత ఇంటర్నెట్ విశ్వవిద్యాలయముల గోడలు దాటి వ్యాపార సంస్థలకును, గృహములకును ప్రాకెను. నాలుగు వందల కోట్లకు మించిన చిరునామాలును చాలవని ఇంజనీర్లు గ్రహించిరి. పొదుపు మార్గములను వెదకుట అవసరమయ్యెను.

అట్టి మార్గములలో ఒకటి 1994 మార్చిలో వెలువడిన ప్రైవేటు చిరునామాల పద్ధతి. దీనిని ఇంటిపిలుపులతో పోల్చవచ్చును. ఒకే వీధిలో నాలుగిండ్లవారు తమ పిల్లవానిని బుజ్జి యని పిలుచుకొనవచ్చును. ఇంటిలో ఆ పిలుపుతో ఏ చిక్కును లేదు. కాని బడి హాజరు పట్టికకు ఆ పిలుపు చాలదు. ఇంటిపేరుతో కూడిన పూర్తి పేరు కావలెను. అట్లే ఒక కార్యాలయపు గోడల నడుమనే తిరుగు సందేశములకు లోకమంతట సాటిలేని చిరునామా అక్కరలేదు. అందుకై ఐయానా మూడు భాగములను ప్రత్యేకించెను. 10.0.0.0 మొదలు 10.255.255.255 వరకు ఒకటి, 172.16.0.0 మొదలు 172.31.255.255 వరకు రెండవది, 192.168.0.0 మొదలు 192.168.255.255 వరకు మూడవది. వీనిని ఎవరైనను, ఎవరి అనుమతియు లేకయే, తమ ఆవరణములో వాడుకొనవచ్చును. వీనిలో 10తో మొదలగునది ఒకప్పుడు ఆర్పానెట్ చిరునామాయే. 1990లో ఆర్పానెట్ మూతపడెను. పోస్టెల్ తన పనిని ప్రారంభించిన నెట్‌వర్కు సంఖ్య ఇట్లు అందరి సొత్తయ్యెను.

ఇంటిపిలుపుతో వెలుపలి ఉత్తరము అందదు గదా! ఆ చిక్కును తీర్చునది రౌటర్ అను యంత్రము. లోపలి కంప్యూటర్ వెలుపలికి సందేశము పంపునపుడు, రౌటర్ దానిపైనున్న ప్రైవేటు చిరునామాను తీసి తన పబ్లిక్ చిరునామాను ఉంచును. ఆ సందేశమెవరిదో తన పట్టికలో గుర్తు పెట్టుకొనును. ప్రత్యుత్తరము వచ్చినంతనే పట్టికను చూచి అసలు కంప్యూటర్‌కు అందజేయును. ఈ ఉపాయమును వివరించు పత్రము 1994 మే నెలలో వెలువడెను. ఇందువలన ఒక్క పబ్లిక్ చిరునామాతో అనేక కంప్యూటర్లు పనిచేయగలవు.

అయినను ఈ పద్ధతి అందరికిని నచ్చలేదు. ఇంటర్నెట్‌లో ఏ కంప్యూటరైనను మరియొక కంప్యూటర్‌ను సూటిగా చేరగలుగుట దాని మూలగుణమనియు, ప్రైవేటు చిరునామాలు ఆ గుణమును చెరచుననియు కొందరు వాదించిరి. ఒకే ప్రైవేటు సంఖ్యలను వాడుచున్న రెండు సంస్థలు తరువాత కలిసినచో సంఖ్యలన్నియు మార్చవలసివచ్చునని హెచ్చరించిరి. అంతేకాక, బహిరంగ చర్చ జరుగకుండ ఈ పద్ధతిని అంగీకరించి ఐయానా తన హద్దును మీరినదని ఆక్షేపించిరి. ఐయానా యనగా పోస్టెలే. ఆర్.ఎఫ్.సి. పత్రముల సంపాదకుడును పోస్టెలే. తన్ను తప్పుపట్టిన ఆ వాదము 1994 జూలైలో ఆయన సంపాదకత్వముననే, అదే పత్రముల వరుసలో వెలువడెను. రెండు పక్షముల వాదములును అందరి యెదుట నిలిచెను. 1996 ఫిబ్రవరిలో సవరించిన పత్రము ప్రకటింపబడినపుడు, ఆక్షేపించినవారిలో ఒకడైన ఎలియట్ లియర్ దాని రచయితలలో ఒకడుగా నుండెను. ఆ పత్రమే నేటికిని ప్రైవేటు చిరునామాలకు ఆధారము.

పోస్టెల్ నిరాడంబరుడు. పొడవైన గడ్డముతో, కాళ్లకు చెప్పులతో తిరుగుచుండెను. సియెర్రా నెవడా పర్వతములలో కాలినడకన సంచరించుట ఆయనకు ఎంతయో ప్రీతి. తాను పంపు సందేశములో నియమమును కచ్చితముగా పాటించి, ఇతరులనుండి వచ్చు సందేశములోని చిన్న లోపములను ఓర్చుకొనవలెనని ఆయన కంప్యూటర్ కార్యక్రమములకు ఒక సూత్రమును చెప్పెను.

ఇంటర్నెట్ పెరిగిన కొలది దానిపై అధికారమెవరిదను ప్రశ్న తలయెత్తెను. చిరునామా సంఖ్యలను గుర్తుంచుకొనుట మనుష్యులకు కష్టము. అందుచేత పోస్టెల్ కోరికపై పాల్ మోకాపెట్రిస్ 1983లో పేర్లను సంఖ్యలతో జతపరచు విధానమును రూపొందించియుండెను. ఆ పేర్ల మూలపట్టికను కొన్ని మూల సర్వర్లు లోకమునకు అందించుచుండును. 1998 జనవరి 28వ తేదీన పోస్టెల్ ఆ సర్వర్లను నడుపువారిలో ఎనమండుగురికి లేఖ పంపి, మూలపట్టికను ఇకపై తన పరిశోధనాలయపు యంత్రమునుండి గ్రహింపుడని కోరెను. వారు మారుమాటాడక అట్లే చేసిరి. అమెరికా ప్రభుత్వము కలవరపడి అభ్యంతరము తెలుపగా, కొలది దినములలో పోస్టెల్ వెనుకకు తీసికొనెను. అది ఒక పరీక్ష మాత్రమేనని తెలియజేసెను. ఆయన మాటకుగల విలువ ఎంతటిదో లోకమునకు తెలిసెను. ఇంత పెద్ద వ్యవస్థ ఒక్క మనుష్యునిపై ఆధారపడియుండుట ఎంత ప్రమాదమో కూడ తెలిసెను.

ఆ ప్రమాదమును పోస్టెల్ ఎరుగనివాడు కాడు. పద్దును ఒక స్థిరమైన సంస్థకు అప్పగించుటకై ఆయన పాటుపడెను. 1998 సెప్టెంబరు 30వ తేదీన ఐకాన్ అను సంస్థ ఏర్పడెను. అది పనిచేయుటను చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. గుండె కవాటమునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 1998 అక్టోబరు 16వ తేదీన, 55 సంవత్సరముల వయస్సున, పోస్టెల్ లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూసెను. మిత్రుడు వింట్ సర్ఫ్ ఆయనను స్మరించుచు వ్రాసిన వ్యాసము ఆర్.ఎఫ్.సి. పత్రముల వరుసలోనే 2468వ సంఖ్యతో ప్రకటింపబడెను. ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేర 1999లో ఒక పురస్కారమును నెలకొల్పెను.

2011 ఫిబ్రవరి 3వ తేదీన ఐయానా చేతనున్న పాత పద్ధతి పబ్లిక్ చిరునామాల చివరి భాగములు ప్రాంతీయ సంస్థలకు పంచబడెను. వానికన్న ఎన్నో రెట్లు విస్తారమైన కొత్త చిరునామాల పద్ధతి క్రమముగా వ్యాపించుచున్నది. అయినను నేటికిని అసంఖ్యాకములైన ఇండ్లలోను, బడులలోను, కార్యాలయములలోను కంప్యూటర్లు 10తోను, 192.168తోను మొదలగు ప్రైవేటు చిరునామాలతోనే పనిచేయుచున్నవి. పోస్టెల్‌కు సైన్యము లేదు. శిక్షించు అధికారమును లేదు. ఆయన పద్దులో సంఖ్య సరిగానుండునని, తన పర భేదము చూపడని తోడివారు నమ్మిరి. ఆ నమ్మకమే ఆయన అధికారము.