వెలివేసింది క్రీస్తు కాదు

వివక్ష ఎక్కడున్నా పాపమే. అది దేవుని మందిరంలోనే చోటు చేసుకుంటే మరింత ఘోరం. మహాకవి గుర్రం జాషువా ఆ రెండింటినీ చవిచూశారు.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో ఓ క్రైస్తవ కుటుంబంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు లింగమ్మ, వీరయ్యలవి వేర్వేరు కులాలు. అందుకే చిన్ననాటి నుంచే అవమానాలు వెంటాడాయి. మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతానికి పాఠాలు చెప్పారు. అదీ పోయాక రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ వినిపిస్తూ పొట్టపోసుకున్నారు. వినుకొండలో ఓ అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని లోపలికెందుకు రానిచ్చారంటూ కొందరు ఈసడించారు.

అది బయటివారు చేసిన గాయం. మనవారు చేసిన గాయం మరొకటుంది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాస్తున్నాడంటూ మతపెద్దలు ఆయన కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు.

1941లో ఆయన 'గబ్బిలం' రాశారు. అందులో ఓ అంటరానివాడు తన బాధను కాశీలోని శివుడికి విన్నవించుకోవాలనుకుంటాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది! అందుకే దానితో కబురు పంపుతాడు.

చివరికి ఏ మతపు గోడల మధ్యా ఇమడలేక, తాను విశ్వనరుడినని చాటుకున్నారు జాషువా. అయినా 1958లో 'క్రీస్తు చరిత్ర' రాశారు. తనను వెలివేసింది సంఘమే తప్ప క్రీస్తు కాదని ఆయన గ్రహించారేమోనని మాకనిపిస్తుంది. ఆ కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడాది శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ పొంది, 1971 జూలై 24న కన్నుమూశారు.

ఆ కాలంలోనే అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ కూడా, ఆదివారం ఆరాధన వేళే తెల్లవారూ నల్లవారూ అన్నిటికంటే ఎక్కువగా వేరుపడుతున్నారని బాధపడ్డారు. దేశాలు వేరైనా రోగం ఒక్కటే!

మా గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో బాయిలోకి దిగినవాడు పక్కవాడి కులం అడగడు. పైకప్పు కూలితే అందరి మీదా కూలుతుంది. మరి సంఘపెద్దలను ఎన్నుకునేటప్పుడు, పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు మనమెందుకు అడుగుతున్నాం? బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ల దగ్గర చోటు చూపేవారిని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో గద్దించాడు.

ప్రియులారా, మన గుమ్మం నుంచి మరో జాషువా వెనుదిరగకుండా చూసుకుందాం. అదే దేవునికి ఇష్టమైన ఆరాధన.