స్టాంపు కాగితం మీద సంతకం చేసిన పునీతుడు

ఏటా జనవరి 31వ తేదీన శ్రీసభ పునీత డాన్ బోస్కో పండుగను కొనియాడుతుంది. యువకులకు తండ్రిగా, బోధకునిగా ఆయన పేరు మన విచారణల్లో అందరూ ఎరిగినదే. కాని పనిలో చేరే పేద కుర్రవాని కూలి గురించి, సెలవు గురించి, వాని ఒంటిమీద పడే దెబ్బల గురించి ఆయన యజమానుల చేత కాగితం రాయించుకొన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ వారం ఆ కథ చెప్పుకొందాం.

ఆయన 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని బెక్కి అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జొవాన్ని, అంటే యోహాను. డాన్ అనేది అక్కడ గురువులను గౌరవంగా పిలిచే మాట. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మార్గరీత రెక్కల కష్టంతో బిడ్డలను పెంచింది. చదువుకోవాలన్న యోహాను కోరిక సవతి అన్నకు గిట్టలేదు. ఇంట్లో పోరు పడలేక పన్నెండేళ్ల వయసులో యోహాను ఇల్లు విడిచి, మొల్యా అనే కుటుంబం వారి పొలంలో పాలేరుగా చేరాడు. తర్వాత చదువుకొంటూనే ఒక దర్జీ ఇంట ఉండి కుట్టుపని నేర్చుకొన్నాడు. కియేరి పట్టణంలో చదివే రోజుల్లో ఒక కాఫీ హోటల్లో పనిచేస్తూ, అక్కడే మెట్ల కింద ఇరుకు చోటులో పడుకొన్నాడు. ఒకరి కింద పని చేయడమంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

1841 జూన్ 5న గురుపట్టాభిషేకం పొంది, ఆ ఏడాది చివర టూరిన్ నగరానికి వచ్చారు. పునీత జోసెఫ్ కఫాస్సో ఆయనను చెరసాలలకు తీసుకువెళ్లారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, ఆరోగ్యంగా, చురుకుగా ఉన్నవారు, అక్కడ పురుగులు కుడుతుంటే పనీపాటా లేక కూర్చొని ఉండడం చూసి ఆయన మనసు కలిగిపోయింది. విడుదలైన వారిలో చాలామంది కొద్దికాలానికే తిరిగి చెరసాలకు చేరేవారు. బయట వారిని పట్టించుకొనే మనిషి ఒక్కడుంటే ఈ గతి పట్టదు గదా అని ఆయన ఆలోచించారు.

అదే ఏడు డిసెంబరు 8, అమలోద్భవి మాత పండుగనాడు, పూజావస్త్రాలు ధరించే గదిలోకి ఒక తాపీ పని కుర్రవాడు వచ్చాడు. పూజకు సహాయం చేయడం వానికి రాదని తెలిసి గుడి పరిచారకుడు కొట్టి తరిమాడు. డాన్ బోస్కో వానిని వెనక్కి పిలిపించి, తన స్నేహితునిగా ఆదరించి, పూజ తర్వాత దగ్గర కూర్చోబెట్టుకొన్నారు. వాడు అనాథ, చదువు రాదు, జపాలు రావు. ఆనాడే వానికి సత్యోపదేశం మొదలుపెట్టారు. మరుసటి ఆదివారం వాడు తన తోటివారిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ చిన్న గుంపే క్రమంగా వందలకు పెరిగింది. 1846లో పాస్కా పండుగనాడు వల్డొక్కో పేటలోని ఒక రేకుల కొట్టంలాంటి షెడ్డు వారికి స్థిరమైన చోటయింది. ఆ నవంబరులో తల్లి మార్గరీత పల్లె విడిచి వచ్చి ఆ పిల్లలందరికీ తల్లి అయింది.

ఆ పిల్లల్లో తాపీవారు, రాళ్లు చెక్కేవారు, రంగులు వేసేవారు ఎక్కువమంది. పూర్వం చేతిపనుల సంఘాలు పని నేర్పే పద్ధతికి కొన్ని కట్టుబాట్లు పెట్టేవి. 1844లో ఆ రాజ్యంలో సంఘాలను రద్దు చేశారు, వాటి చోటులో కుర్రవాణ్ణి కాపాడే చట్టం రాలేదు. యజమాని ఇష్టమే చట్టమైంది. పని నేర్పుతానని పిలిచి ఇంటి చాకిరీ చేయించుకొనేవారు, కొట్టేవారు, ఆదివారం కూడా పిలిచేవారు. డాన్ బోస్కో వారం మధ్యలో పని జరిగేచోట్లకు స్వయంగా వెళ్లేవారు. పిల్లలను పలకరించి, యజమానులతో మాట్లాడేవారు. అయితే మాట మీద నమ్మకం పెట్టుకొంటే చాలదని గ్రహించారు.

1851 నవంబరులో గాజు పని నేర్చుకొనే ఒక కుర్రవాని కోసం రాసిన ఒప్పందం ఇప్పటికీ ఉంది. 1852 ఫిబ్రవరి 8న జుసెప్పె ఒదాస్సో అనే కుర్రవానికి వడ్రంగం నేర్పడానికి బెర్తొలీనో అనే మేస్త్రితో మరొకటి రాశారు. స్టాంపు కాగితం మీద మేస్త్రి, కుర్రవాడు, వాని తండ్రి, డాన్ బోస్కో సంతకాలు చేశారు. అందులోని షరతులు చూడండి. మేస్త్రి రెండేళ్లలో వడ్రంగం నేర్పాలి. తప్పు చేస్తే మాటలతోనే దిద్దాలి, చెయ్యి చేసుకోరాదు. ఆ వృత్తికి చెందిన పని మాత్రమే, వాని శక్తికి మించకుండా చెప్పాలి. పండుగలు, ఆదివారాలు పూర్తిగా వదిలేయాలి. ఏటా పదిహేను రోజులు సెలవు ఇవ్వాలి. రోజు కూలి మొదటి ఆరు నెలలు 30 చెంతెసిమిలు, అంటే లీరాలో నూరుకు ముప్పై వంతులు. తర్వాతి ఆరు నెలలు 40. రెండో ఏడు 60. నెలనెలా కుర్రవాని నడవడి ఎలా ఉందో మేస్త్రి రాసి తెలపాలి. కుర్రవాడు కూడా వినయంగా, శ్రద్ధగా పనిచేస్తానని మాట ఇచ్చాడు.

పని చేతికి వస్తున్నకొద్దీ కూలి పెరగడం ఇందులో గమనించదగ్గ విషయం. నేర్చుకొంటున్నాడు గనుక కూలి అక్కరలేదని గాని, కూలి ఇస్తున్నాం గనుక నేర్పనక్కరలేదని గాని అనడానికి వీలు లేకుండా చేశారు.

చేతిపనితోపాటు బుద్ధికి కూడా పదును కావాలి గదా! సాయంత్రాలు, ఆదివారాలు ఆయన చదవడం, రాయడం, లెక్కలు నేర్పించేవారు. ఆ దేశంలో 1850 నుంచి కొత్త మెట్రిక్ కొలతలు అమలులోకి వస్తుంటే, పనివారికి అర్థమయ్యేలా దాని గురించి చిన్న పుస్తకం రాశారు. మీటరు తెలియని వడ్రంగికి బతుకు తెరువు ఉండదని ఆయనకు తెలుసు.

ఊరిలోని కొన్ని పనిచోట్ల పిల్లలు చెడు మాటలు, చెడు అలవాట్లు నేర్చుకొంటున్నారని బాధపడి, 1853లో తమ ఇంటిలోనే చెప్పుల పని, కుట్టుపని మొదలుపెట్టారు. బైండింగు, వడ్రంగం, అచ్చుపని, ఇనుప పని ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 1888 జనవరి 31న ఆయన కన్నుమూశారు. 1906లో ఆయన సలేసియన్ బిడ్డలు తంజావూరుకు వచ్చి మన దేశంలో అడుగుపెట్టారు. 1934లో పాస్కా పండుగనాడు 11వ పయస్ పాపుగారు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు. 1958లో 12వ పయస్ పాపుగారు ఆయనను ఇటలీలో పని నేర్చుకొనే యువకుల పాలకునిగా ప్రకటించారు.

మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. దాని ప్రకారం కుర్రవానికి, యజమానికి మధ్య ఒప్పందం రాసి ప్రభుత్వ అధికారి వద్ద రిజిస్టరు చేయాలి. కుర్రవాడు మైనరైతే అతని తరఫున సంరక్షకుడు సంతకం చేస్తాడు. యజమాని నిర్ణీత స్టయిపెండు ఇవ్వాలి, పని నేర్పాలి. పనిగంటలు, సెలవులు కూడా చట్టం చెబుతుంది. అయినా మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగు కొట్టులోనో ఏ కాగితం లేకుండా ఏళ్ల తరబడి స్పానర్లు అందించే పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు.

తల్లిదండ్రులారా, బిడ్డను పనికి పంపే ముందు నాలుగు మాటలు అడగండి: ఏ పని నేర్పుతారు, ఎంతకాలంలో, కూలి ఎంత, ఆదివారం సెలవేనా? మీలో కొట్లు, కార్ఖానాలు నడిపేవారు ఉంటే, ఆ నాలుగింటికీ అడగకముందే జవాబు చెప్పండి. చేరేముందు ఐటీఐలోనో, జిల్లా అప్రెంటిస్ కార్యాలయంలోనో వాకబు చేయండి. ఈ పండుగనాడు పూజలో మన ఊరి పని కుర్రవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచుకొని ప్రార్థిద్దాం.