పిచ్చుక చూపిన దారి: సలీం అలీ జీవితం

హలాల్ ఏది, హరామ్ ఏది అనే ప్రశ్న ముస్లిం ఇంట్లో పిల్లవాడికి ఊహ తెలిసినప్పటి నుంచే మొదలవుతుంది. చాలామంది విషయంలో ఆ ప్రశ్న వంటింటి గడప దాటదు. ఒక పిల్లవాడి విషయంలో మాత్రం అది ప్రపంచ ప్రఖ్యాతి దాకా దారి చూపింది. ఆ పిల్లవాడే తర్వాతి కాలంలో భారతదేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కుగా పేరు పొందిన సలీం అలీ.

మేముండే కృష్ణానగర్‌లో జిల్లాల నుంచి వచ్చి సినిమా పనుల్లో, మేస్త్రీ పనుల్లో, చిన్న చిన్న వ్యాపారాల్లో స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. పండక్కో పెళ్లికో సొంత ఊరు వెళ్లి వచ్చినవారిలో కొందరు అక్కడ దుప్పి మాంసం దొరికిందనో, కుందేలు కూర తిన్నామనో చెబుతుంటారు. జింక హలాల్ జంతువే కదా, తింటే తప్పేమిటని మమ్మల్ని అడుగుతారు. ఒక్క మాటలో జవాబిచ్చి ఊరుకోవచ్చు. కాని సలీం అలీ జీవితం తెలిస్తే ఆ జవాబు మనసుకు బాగా పడుతుంది. అందుకే ఈ వారం ఆయన గురించి చెప్పుకుందాం.

అనాథ బాలుడు

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. ఇంటిల్లిపాదిలో ఆయనే కడగొట్టు బిడ్డ. ఏడాది వయసులో తండ్రి పోయారు, మూడేళ్లకు తల్లి జీనతున్నీసా కూడా పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఈ పిల్లలను చేరదీశారు. సంతానం లేని ఆ దంపతులు వీరినే తమ పిల్లలుగా పెంచారు. అనాథను ఆదరించడం మన ధర్మంలో ఎంత పుణ్యకార్యమో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క పుణ్యకార్యం దేశానికి ఎంత మేలు చేసిందో ముందు ముందు చూస్తాం.

మామగారికి వేట అంటే ఇష్టం. ఆ రోజుల్లో సంపన్నుల ఇళ్లలో షికారు మర్యాదస్తుల వినోదం. పిల్లవాడి చేతికి ఒక ఎయిర్‌గన్ వచ్చింది. ఇంటి చుట్టూ ఉన్న పిచ్చుకలే అతని వేట. గుర్రపుశాల గోడ రంధ్రంలో గూడు పెట్టుకున్న ఒక పిచ్చుకల జంటను గమనించి, మగపిచ్చుకను కొట్టాడు. కొద్దిసేపటికే ఆడపిచ్చుక మరో మగపిచ్చుకతో జతకట్టింది. దాన్నీ కొట్టాడు. ఇలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు నేలకూలాయి. చూసినదంతా ఆ పిల్లవాడు కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. అప్పుడు అతనికి పదేళ్లు. చాలా ఏళ్ల తర్వాత ఆ రాతలు అచ్చయ్యాయి. క్రూరమైన ఆటే, సందేహం లేదు. కాని చూసినదాన్ని మరచిపోకుండా రాసుకునే బుద్ధి ఆ వయసులోనే మొలకెత్తిందని కూడా ఒప్పుకోవాలి.

సందేహమే గురువు

ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు రంగు మచ్చ కనిపించింది. రోజూ చూసే ఊరపిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. ఇది పిచ్చుకేనా, వేరే పక్షా? తినడానికి ధర్మసమ్మతమేనా, కాదా? ఈ సందేహంతో దాన్ని తినకుండా మామగారి దగ్గరకు తీసుకువెళ్లాడు. మామగారికి కూడా అదేమిటో తెలియలేదు. అమీరుద్దీన్ గారు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంలో సభ్యులు. ఆ సంఘం కార్యదర్శి మిల్లార్డ్ దొరకు చీటీ రాసి పిల్లవాడిని పంపారు. అది 1908వ సంవత్సరం.

ఆ రోజుల్లో ఒక భారతీయ బాలుడు ఒంటరిగా తెల్లదొర కార్యాలయంలో అడుగుపెట్టడం మాటలు కాదు. భయపడుతూ వెళ్లిన పిల్లవాడిని మిల్లార్డ్ ఆదరంగా పలకరించారు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. గడ్డి కూరి భద్రపరచిన పక్షుల పెట్టెలు ఒక్కొక్కటే తెరచి చూపించారు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చారు. చర్మం ఒలిచి పక్షిని ఎలా భద్రపరచాలో నేర్చుకునే ఏర్పాటు చేశారు. తన బతుకు దారి మలుపు తిరిగింది అక్కడేనని సలీం అలీ జీవితాంతం చెప్పుకున్నారు. 1985లో వెలువడిన తమ ఆత్మకథకు కూడా నేలరాలిన పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అనుమానం ఉన్న వస్తువును వదిలేయమని, తెలియనిది తెలిసినవారిని అడగమని మన పెద్దలు నేర్పుతారు. ఆ పిల్లవాడు చేసింది ఈ రెండు పనులే. అనుమానాన్ని పక్కకు నెట్టి ఆ పిట్టను పొయ్యి మీదకు పంపి ఉంటే అది ఒక ముద్ద కూరతో ముగిసిపోయేది.

ఉద్యోగం లేని రోజులు

సలీం అలీ చదువులో మెరిసిన విద్యార్థి కాదు. తరచూ తలనొప్పితో బాధపడేవారు. 1913లో మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కారు. కాలేజీ చదువు మధ్యలో ఆపి బర్మాలోని తవాయ్‌కు, కుటుంబంవారి గనుల, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్లారు. వ్యాపారం కంటే అక్కడి అడవుల్లో పక్షులే ఆయన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. తిరిగి వచ్చాక 1918లో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది.

1926లో బొంబాయి మ్యూజియంలో నెలకు 350 రూపాయల జీతం మీద గైడ్ ఉద్యోగం దొరికింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ అనే గొప్ప పక్షిశాస్త్రవేత్త వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధుల్లేక ఆ ఉద్యోగాన్నే రద్దు చేశారు. ఇంత చదివి వచ్చి ఖాళీగా కూర్చోవలసి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ సముద్రతీరంలోని కిహీం గ్రామంలో ఉన్న ఇంటికి మారారు. అక్కడి చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. వాటిని నెలల తరబడి గమనించి సలీం అలీ రాసిన వ్యాసం పండితుల మెప్పు పొందింది. ఉపాధి పోయిన రోజులనే ఆయన సాధనకు వాడుకున్నారు.

నిజాం రాజ్యంలో

అప్పటికి దేశంలోని పెద్ద సంస్థానాల పక్షుల గురించి సరైన లెక్కలే లేవు. సలీం అలీ ఒక ప్రతిపాదన చేశారు. జీతం అక్కర్లేదు, గుడారాలు, ప్రయాణం వంటి ఖర్చులు సంస్థానం భరిస్తే చాలు, పని తాను చేసి పెడతానన్నారు. ఆ కోరికను మన్నించిన సంస్థానాల్లో ముందు వరుసలో నిలిచింది మన హైదరాబాద్. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1931లో, ఇక్కడి పక్షుల సర్వే మొదలైంది.

ఆనాటి హైదరాబాద్ రాజ్యం సుమారు 82 వేల చదరపు మైళ్లు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు అందులో కలిసి ఉండేవి. బండ్ల మీద సామాను వేసుకుని, గుడారాల్లో బస చేస్తూ సలీం అలీ ఈ రాజ్యాన్ని గాలించారు. తెహ్మీనా బేగం ఆయన వెంటే ఉన్నారు. నగర జీవితానికి అలవాటుపడిన ఆ ఇల్లాలు అడవి బసను సంతోషంగా స్వీకరించి, భర్త రాతకోతల్లో సాయపడ్డారు. ఆ సర్వే ఫలితాలు 1933, 1934లలో బొంబాయి సంఘం పత్రికలో వరుసగా వెలువడ్డాయి. మన ప్రాంతపు పక్షుల గురించి నేటికీ ఎవరు రాసినా ఆ వ్యాసాల దగ్గరే మొదలుపెడతారు.

అదే కాలంలో, అదే రాజ్యంలో, పాలకుల అతిథులకు వేట ఏర్పాట్లు కూడా జరిగేవి. పోచారం, వనస్థలిపురం వైపు అడవులు నిజాముల షికారు స్థలాలు. వనస్థలిపురం అడవి నేడు కృష్ణజింకల వనం. ఒకే అడవిలోకి ఒకరు తుపాకీతో గొప్ప కోసం వెళ్లారు, మరొకరు లెక్క రాయడానికి వెళ్లారు. గొప్పలు మిగల్లేదు, లెక్క మిగిలింది.

1939లో ఒక శస్త్రచికిత్స తర్వాత తెహ్మీనా బేగం కన్నుమూశారు. సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. సోదరి ఇంట్లో ఉంటూ మిగిలిన జీవితమంతా పనికే అంకితం చేశారు. 1941లో భారతీయ పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం ఇంటింటికీ చేరింది. ఆ తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిలన్ రిప్లీతో కలిసి ఉపఖండం పక్షుల మీద పది సంపుటాల గ్రంథం పూర్తి చేశారు.

వేటగాడా, రక్షకుడా?

సలీం అలీని ఎన్నడూ తుపాకీ ముట్టని సాధువుగా చూపడం సత్యం కాదు. శాస్త్ర పరిశోధన కోసం ఆయన వేల పక్షులను కాల్చారు. వేటను గానీ వేట మాంసాన్ని గానీ పాపంగా చూడలేదు. ఆయన బాధ అంతా హద్దు మీరడం గురించే.

హద్దు మీరడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చాలు. 1938 నవంబర్ 12న, సరిగ్గా సలీం అలీకి 42 ఏళ్లు నిండిన రోజున, భరత్‌పూర్ మహారాజు చెరువు మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 నీటిపక్షులను కూల్చింది. ఇది ఆకలి కోసం చేసిన వేట కాదు. అదే భరత్‌పూర్‌ను కాపాడడానికి సలీం అలీ స్వాతంత్ర్యానంతరం ఎంతో పాటుపడ్డారు. నేడు అది జాతీయ పార్కు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి నిలవడంలో కూడా ఆయన పాత్ర ఉంది. బొంబాయి సంఘం డబ్బుల్లేక మూతపడబోతే ప్రధాని నెహ్రూకు లేఖ రాసి దాన్ని నిలబెట్టారు. ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన ధనాన్ని కూడా ప్రకృతి రక్షణ నిధికే ఇచ్చేశారు.

మన తెలుగునేలతో ముడిపడిన మరో రెండు పక్షుల సంగతి చెప్పాలి. మొదటిది బట్టమేక పిట్ట. మనిషి నడుము ఎత్తు ఉండే ఈ పక్షిని మాంసం కోసం తరతరాలుగా వేటాడారు. దీన్ని జాతీయ పక్షిగా ప్రకటిస్తే బతికి బయటపడుతుందని సలీం అలీ సూచించారు. ఆ గౌరవం నెమలికి దక్కింది. కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో దీనికోసం అభయారణ్యం ఏర్పడింది. అయినా నేడు దేశం మొత్తంలో ఈ పక్షులు 200 కూడా లేవని అంచనా. రెండవది కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో బయటపడింది. బొంబాయి సంఘం శాస్త్రవేత్తకు దాన్ని చూపించింది రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానిక వేటగాడే. అప్పటికి సలీం అలీ వయసు 89 ఏళ్లు. ఆ శుభవార్త విన్నాక మరుసటి సంవత్సరం, 1987 జూన్ 20న, ఆయన ఇహలోకం వీడారు.

షరీఅత్ ఏమంటోంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. జింక, దుప్పి, కుందేలు హలాల్ జంతువులే. ఇందులో వివాదం లేదు. కోరలతో చీల్చే మృగాలు, గోళ్లతో వేటాడే పక్షులు నిషిద్ధం. దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) పేరుపొందిన వేటగాడు. ఆయన ఇస్లాం ప్రకటించింది కూడా వేట నుంచి విల్లుతో తిరిగి వచ్చిన రోజే.

కాని అదే షరీఅత్ వేటకు కంచె కూడా కట్టింది. ఇహ్రాం ధరించినవారికి నేల మీది జంతువుల వేటను ఖుర్ఆన్ నిషేధించింది. మక్కా హరం పరిధిలో వేటజంతువును బెదరగొట్టడం కూడా తగదు. అంటే హలాల్ అయిన జంతువు సైతం ఒక సమయంలో, ఒక స్థలంలో మనకు నిషిద్ధం కావచ్చు. తుపాకీ గుండుకు చనిపోయి, జబహ్ చేయడానికి ప్రాణం మిగలని జంతువు హలాల్ కాదని హనఫీ ఉలమాలలో అత్యధికులు చెబుతారు. రాత్రిపూట దొంగచాటుగా కొట్టి, సంచిలో తెచ్చిన మాంసాన్ని ఎవరు జబహ్ చేశారో, అసలు చేశారో లేదో కొన్నవాడికి తెలియదు. ఏ ప్రయోజనం లేకుండా చంపిన పిచ్చుక ప్రళయదినాన అల్లాహ్ ముందు ఫిర్యాదు చేస్తుందని కూడా ఒక హదీసు ఉల్లేఖనం ఉంది.

ఇక దేశ చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకలను చంపడమే కాదు, వాటి మాంసం ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. కృష్ణజింక వంటి జంతువుల విషయంలో 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష ఉంటుంది. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల వేట కేసులో ఒక ప్రముఖ సినిమా నటుడు ఎన్ని ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో సినిమా మనుషులుండే మా కృష్ణానగర్‌లో అందరికీ తెలుసు. అంత డబ్బు, పలుకుబడి ఉన్నవారికే తప్పనిది రోజుకూలీతో బతికేవారిని విడిచిపెడుతుందా? ఒక్క పూట కూర కోసం ఇంటి పెద్ద జైలుకు వెళితే ఆ ఇల్లాలు, పిల్లలు ఏమవుతారు? తనను తాను వినాశనంలోకి నెట్టుకోవడం కూడా ధర్మం అనుమతించదు.

కాబట్టి మా జవాబు ఇది: జింక హలాలే, కాని దొంగచాటు జింక మాంసం మన పళ్లెంలోకి రాకూడదు. మేక, గొర్రె, కోడి వంటి అనుగ్రహాలు అల్లాహ్ మనకు సమృద్ధిగా ఇచ్చాడు. అడవిలో మిగిలిన కొద్దిపాటి ప్రాణులు మన తర్వాతి తరం చూడవలసినవి.

మా బస్తీ నుంచి కాస్త నడిస్తే జూబ్లీహిల్స్‌లోని కె.బి.ఆర్. పార్కు వస్తుంది. ఫజర్ నమాజు తర్వాత అటు వెళితే నెమలి కేకలు వినిపిస్తాయి. పిల్లలను ఒకసారి వెంట తీసుకువెళ్లండి. ఏ పక్షి ఏదో అడగనివ్వండి, తెలియకపోతే తెలిసినవారిని అడిగి చెప్పండి. సృష్టిలో ప్రతి ప్రాణీ మనలాంటి ఒక సముదాయమేనని ఖుర్ఆన్ బోధిస్తున్న సంగతి వారికి అప్పుడే అర్థమవుతుంది. అనుమానం వచ్చినచోట ఆగే మనసును, ఆగినచోట తెలుసుకునే బుద్ధిని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.