శస్త్రవైద్య నిపుణుడు హార్వే కుషింగ్

మెదడు అడుగున బఠాణీగింజంత పరిమాణమున నుండు పీయూషగ్రంథి శరీరమందలి పెక్కు గ్రంథులను శాసించును. దానియందు కంతి పుట్టి హార్మోనులు మితిమీరి స్రవించినచో మనుష్యుని రూపమే మారిపోవును. ఈ వ్యాధులను గుర్తించి, చికిత్సకు దారిచూపిన వారిలో అగ్రగణ్యుడు హార్వే కుషింగ్.

ఇతడు 1869 ఏప్రిల్ 8వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున వైద్యుల వంశమున జన్మించెను. యేల్, హార్వర్డు విద్యాలయములలో చదివి, జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో హాల్‌స్టెడ్ పండితునియొద్ద శస్త్రవిద్య నభ్యసించెను. మెదడునకు శస్త్రచికిత్స యనిన వైద్యులే భయపడుచుండిన కాలమది.

1909లో ఆక్రోమెగలీ వ్యాధిచే పీడితుడైన యొక రైతునకు కుషింగ్ నాసికామార్గమున శస్త్రచికిత్స చేసి, కంతిలో కొంతభాగమును తొలగించెను. ఆ రోగి కోలుకొనెను. ఈ వ్యాధియందు చేతులు, పాదములు, దవడ మెల్లమెల్లగా పెరుగును. ఉంగరము బిగియును, చెప్పులు ఇరుకగును. నిత్యము చూచు ఇంటివారికి ఆ మార్పు తెలియదు. పురుషులలో పుంస్త్వము క్షీణించినను వయోధర్మమని యూరకుందురు. ఇంతలో కంతి దృష్టినాడుల నొత్తి చూపును హరింపవచ్చును. కావుననే కుషింగ్ రోగుల ఛాయాచిత్రములను, వ్యాధి వృత్తాంతములను శ్రద్ధతో భద్రపరచెను.

1910 మొదలు 1925 వరకు నాసికామార్గమున 231 కంతులకు శస్త్రచికిత్స చేయగా, మరణములు నూటికి 5.6 మాత్రమే. పిదప ఇతడే ఆ మార్గమును విడిచి, కపాలమును తెరచు పద్ధతి నవలంబించెను. ముఖము గుండ్రనై, రక్తపుపోటు హెచ్చి, కండరములు క్షీణించు మరియొక వ్యాధికి ఈ గ్రంథిలోని చిన్నకంతి కారణమని 1932లో ప్రకటించెను. అది నేటికిని ఇతని పేరనే పిలువబడుచున్నది.

నేడు రక్తపరీక్షచే హార్మోనులను కొలిచి, ఎం.ఆర్.ఐ. చిత్రముచే కంతిని కనుగొందురు. ఇతడు విడిచిన నాసికామార్గమే సూక్ష్మదర్శిని సాయముతో 1960ల నుండి మరల ప్రాబల్యము వహించినది. ప్రొలాక్టిను స్రవించు కంతులు పెక్కు మందులతోనే కుదించుకొనిపోవును.

కుషింగ్ గొప్ప గ్రంథప్రియుడు. తన గురుతుల్యుడైన ఆస్లర్ జీవితచరిత్ర వ్రాసి 1926లో పులిట్జర్ బహుమానము నందెను. 1939 అక్టోబరు 7న మరణించునాటికి, తాను జీవితమెల్ల సేకరించిన ప్రాచీన వైద్యగ్రంథములను యేల్ గ్రంథాలయమునకు సమర్పించుటకు ఏర్పాటు చేసియుండెను. రోగుల దేహములను శ్రద్ధగా చదివిన ఆ మహనీయుడు పుస్తకములను పరులకై విడిచిపోయెను. గ్రంథాలయ సేవకులమగు మనకు ఇంతకన్న ఆదర్శమేమి కావలయును?