గీతల సాధకురాలు నస్రీన్ మొహమ్మదీ

చిత్రం అనగానే అందులో మనిషో, చెట్టో, పిట్టో కనిపించాలనుకుంటాం మనం. ఏ బొమ్మా లేకుండా ఒట్టి గీతలతో చిత్రం వేయవచ్చునా? వేయవచ్చునని జీవితమంతా వేసి చూపిన కళాకారిణి నస్రీన్ మొహమ్మదీ గారు.

ఆమె 1937లో కరాచీలో జన్మించారు. పసితనంలోనే తల్లి పోయింది. దేశ విభజనకు ముందే కుటుంబం బొంబాయి చేరింది. తండ్రికి బహ్రెయిన్‌లో ఫొటో సామాన్ల దుకాణం ఉండేది. ఆడపిల్లను చదువు కోసం సముద్రాలు దాటించడం అరుదైన ఆ రోజుల్లో, 1954లో లండన్ వెళ్ళి సెయింట్ మార్టిన్స్ కళాశాలలో మూడేళ్ళు చదివారు. 1961లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద పారిస్ వెళ్ళి అచ్చు చిత్రాల పని నేర్చారు. తొలినాళ్ళలో తైలవర్ణ చిత్రాలతో పాటు రాతి అచ్చు చిత్రాలు, అంటే లితోగ్రాఫులు కూడా చేశారు.

ఉర్దూ చదివిన వారికి రాతి అచ్చు కొత్త కాదు. కాతిబ్ చేత్తో రాసిన అక్షరాలను రాతికెక్కించే కదా మన ఉర్దూ పుస్తకాలు ఎన్నో ఏళ్ళు అచ్చు వేశారు! కాతిబ్ చెయ్యి వణికితే పేజీ పాడయినట్టే. నస్రీన్ గారి కళకు కూడా ప్రాణం స్థిరమైన చెయ్యే.

బొంబాయిలో గైతోండే వంటి పెద్ద చిత్రకారుల సాంగత్యం దొరికింది. 1972లో బరోడా విశ్వవిద్యాలయ లలితకళల విభాగంలో అధ్యాపకురాలిగా చేరి చివరిదాకా పాఠాలు చెప్పారు. ఆ కాలానికి రంగులు దాదాపు వదిలేశారు. పెన్సిలు, సిరా, ఇంజనీర్లు వాడే కొలత పరికరాలు, చిన్న కాగితం, అంతే. నేల మీద కూర్చుని, పొట్టి బల్ల మీద వెంట్రుకవాసి గీతలు గీసేవారు. చాలా చిత్రాలకు పేరు లేదు, తేదీ లేదు. ఫతేపూర్ సిక్రీలో, ఇతర చోట్ల తీసిన ఫొటోలను బ్రతికుండగా ప్రదర్శనకు పెట్టనేలేదు.

ఇంతలో నరాల జబ్బు పట్టుకుంది. చెయ్యి, కాలు స్వాధీనం తప్పసాగాయి. అయినా కాగితం మీద గీత మాత్రం తొణకలేదు. 1990 మే నెలలో బొంబాయి దగ్గరి కిహీంలో కన్నుమూశారు.

2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం మెట్ బ్రాయర్ అనే కొత్త శాఖ తెరిచినప్పుడు, తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆమెదే. పేరు కూడా పెట్టని ఆ చిత్రాలను ప్రపంచం వచ్చి చూసింది.

మన ఇళ్ళల్లో ఏ అమ్మాయైనా నోటు పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీస్తూ కూర్చుంటే పనికిరాని పని అని కసరకండి. ఇంకో కాగితం ఇవ్వండి.