పాత మేడలకు కొత్త ఊపిరి పోసిన శిల్పి చిషోమ్

నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి పనుల మీద చెన్నై వెళ్లివచ్చే వారికి మెరీనా సముద్రతీరం కొత్త కాదు. ఆ తీరం వెంట ఎర్ర ఇటుకల గోడలతో, గుమ్మటాలతో నిలిచిన భవనాలను చూడనివారు అరుదు. వాటిలో పెక్కింటికి రూపకల్పన చేసిన వ్యక్తి ఒక్కరే. ఆయనే రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. కొత్త భవనాలు కట్టడంలో ఎంత పేరు పొందారో, పడిపోనున్న పాత రాజప్రాసాదాలను నిలబెట్టి కొత్త అవసరాలకు మలచడంలోనూ ఆయన అంత పేరు పొందారు.

చిషోమ్ 1840లో జన్మించారు. యౌవనంలోనే భారతదేశానికి వచ్చి బెంగాల్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశారు. 1864లో మదరాసు ప్రభుత్వం ప్రెసిడెన్సీ కళాశాల, విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్ భవనాలకు నమూనాలు కోరుతూ పోటీ ప్రకటించింది. చిషోమ్ పంపిన నమూనాకు బహుమతి లభించింది. మరుసటి ఏడు ఆయన మదరాసుకు బదిలీ అయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాల భవనం 1870లో ప్రారంభమయింది. అది ఇటలీ దేశపు ఫక్కీలో కట్టినది. అప్పటికి చిషోమ్ దృష్టి ఇంకా యూరపు మీదనే ఉండేది.

నవాబు మేడలో రెవెన్యూ బోర్డు

ఆయన దృష్టిని మార్చింది చేపాక్ ప్యాలెస్. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా 1768 నాటికి ఈ ప్రాసాదాన్ని కట్టించుకున్నారు. కలస్ మహల్, హుమాయూన్ మహల్ అని దానికి రెండు భాగాలు. 1855లో నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేకుండా మరణించగా, ఇంగ్లీషు వారు నవాబు పదవినే రద్దు చేశారు. తరువాత ప్యాలెస్ వేలానికి వచ్చింది. ప్రభుత్వమే దానిని కొనివేసింది. ఒకనాడు దర్బారు తీరిన మేడ దస్త్రాల గదులుగా మారింది.

పాత మేడను కూల్చి కొత్త కచేరీ కట్టవలసిన స్థితిలో చిషోమ్ వేరే దారి పట్టారు. ఉన్న మహళ్లను ఉంచి, వాటికి సరితూగే రీతిలోనే రెవెన్యూ బోర్డు భవనాన్ని జతచేశారు. రెండు మహళ్ల మధ్య ఎత్తయిన బురుజు లేపారు. తూర్పున సముద్రం వైపు కొత్త ముఖద్వారం ఏర్పరచారు. పాత కట్టడంలోని తోరణాలు, మీనార్లు కొత్త కట్టడంలోనూ కనిపించాయి. చూసేవారికి ఏది నవాబుది, ఏది దొరలది అని వేరుచేయడం కష్టం. అప్పటి గవర్నరు నేపియర్ ప్రభువు ఈ దేశపు వాస్తురీతుల పట్ల అభిమానం ఉన్నవాడు కావడం చిషోమ్‌కు కలిసివచ్చింది.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. నవాబు వంశం చేతినుంచి మేడను లాగుకున్న ప్రభుత్వమే నవాబు నిర్మాణరీతిని తన అధికార చిహ్నంగా ధరించింది. అయినా చిషోమ్ పూనుకోకుంటే ఆ మేడ నేటికి మిగిలేదా అన్నది అనుమానమే. మన కోస్తా, సీమ జిల్లాల శిస్తు వ్యవహారాలు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మదరాసు రెవెన్యూ బోర్డు పరిధిలోనివే. తెలుగు రైతుల భూముల తగాదాలు ఎన్నో ఆ తోరణాల నీడకు చేరినవే.

తెలుగు నాయక రాజుల మహలు

తెలుగువారికి మరింత దగ్గరయిన పని మధురలో జరిగింది. మధురను ఏలిన నాయక రాజుల ఇంటిభాష తెలుగు. వారిలో ప్రసిద్ధుడు తిరుమల నాయకుడు 17వ శతాబ్దంలో అక్కడ మహాప్రాసాదం నిర్మించాడు. ఆయన మనుమడు చొక్కనాథ నాయకుడు తిరుచిరాపల్లిలో ఇల్లు కట్టుకోవడానికి అందులో చాలా భాగం పీకించి తరలించుకుపోయాడు. మిగిలిన భాగం శిథిలావస్థకు చేరింది. నేపియర్ ప్రభువు పూనికతో మరమ్మతులు మొదలయినప్పుడు ఆ కట్టడాన్ని పరిశీలించి, గోడలు, కప్పులు భద్రపరచే పనిలో చిషోమ్ పాలుపంచుకున్నారు. ఆ భవనంలో న్యాయస్థానాలు కొలువుతీరాయి. 1970లో జిల్లా కోర్టు అక్కడినుంచి తరలిపోయింది. నేడు ఆ మహలు రక్షిత కట్టడం. కోర్టు పని జరిగినందువల్లనే గోడలు నిలిచాయనడంలో అతిశయోక్తి లేదు.

దేశవాళీ మేస్త్రీల పనితనం

1872లో చిషోమ్ మదరాసు ప్రభుత్వానికి సలహాదారు వాస్తుశిల్పి అయ్యారు. 1886 వరకు ఆ పదవిలో ఉన్నారు. మదరాసు కళాపాఠశాలకు కూడా కొంతకాలం అధిపతిగా వ్యవహరించారు. 1874లో మొదలయి 1879లో పూర్తయిన సెనేట్ హౌస్ ఆయన కీర్తికి కలికితురాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడేదాకా తెలుగు జిల్లాల పట్టభద్రులకు విశ్వవిద్యాలయమంటే మదరాసే, స్నాతకోత్సవమంటే ఆ సెనేట్ హౌసే.

తిరువనంతపురంలో ప్రదర్శనశాల కట్టవలసి వచ్చినప్పుడు ఆయన మదరాసు నమూనాను అక్కడికి మోసుకుపోలేదు. వానలు ఎక్కువగా కురిసే కేరళలోని ఇళ్లను, కోవెలలను చూసి, ఏటవాలు కప్పులతో, గాలి ఆడే ఏర్పాట్లతో నేపియర్ మ్యూజియం రూపొందించారు. అది 1880లో పూర్తయింది. ఊరు మారితే ఇల్లు మారాలి, ఎండావానలను బట్టి కప్పు ఉండాలి అన్నది ఆయన పద్ధతి.

1881లో ఇంజనీరు చార్లెస్ మాంట్ మరణించగా, సగంలో ఆగిన బరోడా మహారాజుగారి లక్ష్మీవిలాస్ ప్యాలెస్ పని చిషోమ్ చేతికి వచ్చింది. ఆ రాజగృహాన్ని 1890లో పూర్తిచేశారు. బరోడా కళాశాల గుమ్మటమూ ఆయన రూపకల్పనే. ఈ దేశంలో గుమ్మటాలు కట్టే పద్ధతుల గురించి లండన్ వాస్తుశిల్పుల సంఘం ముందు ఆయన వ్యాసం సమర్పించారు.

తన కట్టడానికీ అదే యోగం

వృద్ధాప్యంలో స్వదేశం చేరిన చిషోమ్ లండన్ స్లోన్ టెర్రస్‌లో ఒక క్రైస్తవ ప్రార్థనాలయం నిర్మించారు. 1915లో కన్నుమూశారు. కాలక్రమాన ఆ ఆలయానికి వచ్చేవారు తగ్గిపోయారు. 1990లలో అది ఖాళీ పడింది. ఒక సంపన్నుడు దానిని కొని నివాసగృహంగా మార్చదలిచినా, రక్షిత కట్టడం కావడంతో సాధ్యపడలేదు. చివరకు చేతులు మారి, 2004లో కడోగన్ హాల్ అనే సంగీత సభామందిరంగా తెరుచుకున్నది. పరుల మేడలకు రెండో జన్మ ఇచ్చినవాని కట్టడానికి రెండో జన్మ ఆ విధంగా లభించింది.

చేపాక్ కథ మాత్రం అంత సాఫీగా సాగలేదు. 2012 జనవరిలో కలస్ మహల్ అగ్నికి ఆహుతయింది. మంటలార్పబోయిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు ప్రాణం కోల్పోయారు. కూల్చివేయక తప్పదేమోనని చాలామంది అనుకున్నారు. అయితే ప్రభుత్వం సున్నం, ఇటుక, కలపలతో పాత పద్ధతిలోనే దానిని పునరుద్ధరించింది. తరువాత జాతీయ హరిత న్యాయస్థానం అక్కడ పని ప్రారంభించింది.

మన చంద్రగిరి కోటలోని రాజమహల్ కూడా పురావస్తు ప్రదర్శనశాలగా మారి నిలిచినదే. తాళం వేసిన మేడ త్వరగా కూలుతుంది, మనుషులు మసలే మేడ నిలుస్తుంది. జిల్లాలలో ఖాళీ పడుతున్న పాత కచేరీలు, బంగళాల విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోదగినది.