బడ్జెట్ చదివిన బాబాసాహెబ్

బాబాసాహెబ్ విగ్రహం చేతిలో మనం ఎప్పుడూ రాజ్యాంగాన్నే చూస్తాం. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆయన చేతిలో ఇంకో పుస్తకం ఉండేది. అది ప్రభుత్వ పద్దుల పుస్తకం. దాని గురించి మన సభల్లో మాట్లాడుకునేది తక్కువ. ఫీజు బకాయిల కోసం కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్న ఈ రోజుల్లో ఆ అంబేడ్కర్‌ను కూడా మనం తెలుసుకోవాలి.

ఆయన చదువే ఒక స్కాలర్‌షిప్ మీద నడిచింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు మంజూరు చేస్తే అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలన్నది షరతు. తర్వాత లండన్‌లో చదువుతుండగా గడువు తీరి డబ్బు ఆగిపోయింది. 1917లో చదువు సగంలో వదిలేసి తిరిగి రావాల్సి వచ్చింది. బరోడాలో పెద్ద ఉద్యోగమే ఇచ్చారు కానీ ఉండటానికి గది దొరకలేదు. వేరే పేరుతో పార్సీ సత్రంలో దిగితే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది, కొల్హాపూర్ శాహూ మహారాజ్ చేసిన సాయం, ఒక మిత్రుడి దగ్గర తెచ్చిన అప్పు కలిస్తేగానీ 1920లో మళ్లీ లండన్ ఓడ ఎక్కలేకపోయారు. స్కాలర్‌షిప్ ఆగితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇన్ని అగచాట్లు పడి ఆయన పరిశోధించిందేమిటి? బ్రిటిష్ ఇండియాలో ప్రావిన్సుల ఆర్థిక వ్యవస్థ. అంటే నేటి మాటల్లో రాష్ట్ర బడ్జెట్లు. కొలంబియా డాక్టరేట్ కోసం చేసిన ఆ పని 1925లో పుస్తకంగా వచ్చింది. 1833 నుంచి 1921 దాకా కేంద్రానికీ ప్రావిన్సులకూ మధ్య డబ్బు ఎలా పంచుకున్నారో అందులో ఉంది. చదవడానికి పొడిపొడిగా ఉంటుంది, మాలో కొందరం సగంలో ఆపేసినవాళ్లమే. కానీ పన్ను ఎవరి నుంచి వస్తోంది, ఖర్చు ఎవరు పెడుతున్నారు, వాళ్లు ఎవరికి జవాబుదారీ అనే ప్రశ్నలు ఆయనకు అక్కడే అలవాటయ్యాయి.

ఆ ప్రశ్నలతోనే ఆయన బొంబాయి శాసన మండలిలోకి నామినేటెడ్ సభ్యుడిగా వెళ్లారు. 1927 ఫిబ్రవరి 24న బడ్జెట్ మీద మాట్లాడుతూ, ఒక స్థాయి దాకా ఆదాయం ఉన్నవాడికి ఆదాయపన్ను మినహాయింపు ఉంటే, ఎకరం చెక్కతో బతికే రైతుకు భూమిశిస్తులో ఏ మినహాయింపూ లేదేమని నిలదీశారు. మార్చి 12న విద్యా పద్దు వచ్చింది. ప్రభుత్వం చదువు మీద తలకు 14 అణాలు ఖర్చు పెడుతోంది. ఎక్సైజ్ రూపంలో, ముఖ్యంగా సారా మీద, అదే తలకు 2 రూపాయల 2 అణాలకు పైనే గుంజుతోంది. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. తాగించి రాబట్టినంతైనా చదువుకు పెట్టమని ఆయన అడిగారు. బడిలో చేరిన వంద మందిలో నాలుగో తరగతి దాకా వచ్చేది 18 మందేనని చూపించారు. అప్పుడున్న వేగంతో పోతే పిల్లలందరూ బడికి చేరడానికి మగపిల్లలకు 40 ఏళ్లు, ఆడపిల్లలకు 300 ఏళ్లు పడుతుందని లెక్క చెప్పారు.

సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, మార్చి 20న, మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. మనం మహాడ్‌ను నీళ్ల పోరాటంగానే చెప్పుకుంటాం. దానికీ ఒక పద్దు ఉంది. ప్రభుత్వ చెరువులూ బావులూ అంటరానివారికి తెరవాలని 1923లో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం నెగ్గినా ఊళ్లలో అమలు కాలేదు. దాంతో అమలు చేయని మున్సిపాలిటీలకూ లోకల్ బోర్డులకూ గ్రాంట్లు ఆపాలని 1926లో ఆయనే ఇంకో తీర్మానం తెచ్చారు. తీర్మానాలు కాగితాల మీదే ఉంటే చెరువు దగ్గరికి జనమే నడిచారు.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యాక, ఆ ఏడాది అక్టోబర్ 29న షెడ్యూల్డ్ కులాల ఫిర్యాదులను రాతపూర్వకంగా లిన్‌లిత్‌గో ముందు పెట్టారు. అలీగఢ్‌కూ బనారస్‌కూ గ్రాంట్లు ఇస్తున్న ప్రభుత్వం మా పిల్లల చదువుకు ఏమిస్తోందని ఆయన వాదన. అలా 3 లక్షల రూపాయల స్కాలర్‌షిప్ నిధి సాధించారు. కొందరు విద్యార్థులు దాంతో ఇంగ్లండ్ వెళ్లారు. మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్న పథకం 1944లో మొదలైంది ఆ పునాది మీదే.

ఆయన అక్కడితో ఆగలేదు. ఒక అధికారి దయతో వచ్చింది ఇంకో అధికారి వస్తే పోతుందని ఆయనకు తెలుసు. 1947లో రాసిన ‘రాష్ట్రాలు - మైనారిటీలు’లో దాన్ని హక్కుగా మార్చబోయారు. షెడ్యూల్డ్ కులాల హైస్కూలు, కాలేజీ చదువుల ఖర్చు రాష్ట్రాలదే. రాష్ట్ర బడ్జెట్‌లో జనాభా దామాషా ప్రకారం దానికి డబ్బు పెట్టాలి. విదేశీ చదువులకు కేంద్రం ఏటా 10 లక్షలు పెట్టాలి. విద్యా బడ్జెట్‌లో అన్నిటికంటే ముందు తీర్చాల్సిన బాధ్యత ఇదే కావాలి.

రాజ్యాంగంలోకి ఇది రాలేదు. 41వ అధికరణంలో పని, చదువు, వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం ఉన్నాయి, కానీ ఆర్థిక స్తోమత మేరకు అన్న షరతుతో, కోర్టుకు వెళ్లలేని ఆదేశిక సూత్రాల్లో. ఆర్థిక శాఖలు ఇప్పటికీ ఆ షరతునే అడ్డం పెట్టుకుంటాయి. జనాభా దామాషా అన్న మాట స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పేరుతో ప్రణాళికల్లోకి రావడానికి 1979-80 దాకా పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది సబ్‌ప్లాన్ చట్టమైంది 2013లో, దళిత సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కాక. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలని తేల్చింది 2020 డిసెంబర్‌లో. రాష్ట్రం ఆ 40 శాతం ఎప్పుడు విడుదల చేస్తుందా అని, కాలేజీలో ఉండిపోయిన సర్టిఫికెట్ కోసం మన పిల్లలు ఎదురుచూస్తున్నారు.